స్నానానికి ముందు

"మూడేళ్ళు," అన్నాడు మణిశంకర్ పెరటి మెట్ల మీద నిలబడి. పావుగంటలో ఆ మాట అనటం అది నాలుగోసారి.

స్నానాలగది తలుపు వెనక నుంచి జవాబు రాలేదు. నీళ్ళ చప్పుడు మాత్రం వచ్చింది.

భార్యతో దెబ్బలాడాలంటే ఆ మనిషి ఎదురుగా ఉండాలి. మణిశంకర్‌కి ఆ యోగం కూడా లేదు. వర్షిణి ఆసుపత్రి నుంచి వచ్చిందంటే వీధి గుమ్మం తొక్కదు. పక్క సందులోంచి పెరట్లోకి వచ్చి, స్నానం చేసి, అప్పుడు ఇంట్లో కాలు పెడుతుంది. అంచేత ఇన్నీసుపేటలోని ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల ముఖ్యమైన తగవులన్నీ స్నానాలగది తలుపుకి అటూ ఇటూ నడుస్తాయి.

అతని చేతిలో ఉన్న కాగితం నిన్న ఆమె హ్యాండ్‌బ్యాగులో బయటపడింది. దానవాయిపేట ఆసుపత్రిలో ఏడేళ్ళుగా ఆమె క్యాజువాలిటీ డాక్టరు. ఇంక నావల్ల కాదు, వెళ్ళిపోతానని పోయిన నెల తనే పైవాళ్ళతో అంది. వద్దు, మీరే ఆ డిపార్టుమెంటుకి హెడ్‌గా ఉండండి, ఉంటే మూడేళ్ళు కదలనని సంతకం పెట్టండి అని వాళ్ళు ఇచ్చిన జవాబు ఈ కాగితం. రేపు శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా అటో ఇటో తేల్చాలి. సంతకమో, రాజీనామానో.

"నేను రాజానగరంలో మాట ఇచ్చి వచ్చాను," అన్నాడు మణిశంకర్. "ప్రిన్సిపాల్ నా క్లాస్‌మేట్ కాబట్టి సోమవారం దాకా ఆగాడు."

అది ఇంజినీరింగ్ కాలేజీ. హాస్టల్ పిల్లలకి డాక్టరు కావాలి. తొమ్మిదింటికి వెళ్తే ఐదింటికి ఇంట్లో ఉండొచ్చు. జ్వరాలు, కడుపునొప్పులు, పరీక్షల ముందు వచ్చి పరీక్షల తర్వాత పోయే తలనొప్పులు. ఆదివారం ఆదివారంలాగే ఉంటుంది.

"సంతకం పెట్టానా నేను?" అంది లోపలి నుంచి వర్షిణి.

"పెట్టలేదు. చింపెయ్యనూ లేదు."

నీళ్ళ చప్పుడు ఆగింది. మణిశంకర్ కొవ్వూరు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు. గొంతు పెంచకుండా క్లాసు మొత్తాన్ని కూర్చోబెట్టగలడని పేరు. ఆ పేరు ఇంట్లో పనికిరాదని అతనికి ఈమధ్యే తెలిసొచ్చింది.

"నువ్వు ఇంట్లో ఉన్నప్పుడు నిన్ను లేపకూడదు," అన్నాడు, ఈసారి నెమ్మదిగా. "మెలకువగా ఉన్నప్పుడు నువ్వు ఇంట్లో ఉండవు. నేను ఎవరితో కాపురం చేస్తున్నాను వర్షీ? కోపంగా అడగటం లేదు. నువ్వు లేక బెంగగా ఉంది. అంతే."

కోప్పడదామనే వచ్చాడతను. నోటివెంట ఈ మాట వచ్చింది. తలుపు వెనక వర్షిణి తువ్వాలు మొహానికి అదుముకుని నిలబడిపోయింది. అరిస్తే ఎదురు అరవచ్చు. బెంగగా ఉందంటే ఏమంటుంది? ఆమెకీ అతని మీద బెంగగానే ఉంది. ఒకే ఇంట్లో ఉంటూ బెంగ పెట్టుకోవటం ఏంటని ఎవరైనా నవ్వుతారేమోగాని, వాళ్ళిద్దరూ కలిసి కూర్చుని కాఫీ తాగి పదహారు రోజులైంది. ఆ లెక్క ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనలేదు.

ఆమె బయటికి వచ్చేసరికి మెట్ల మీద మణిశంకర్ లేడు, కూతురు శ్యామూ కూడా లేదు.

శ్యామూ అసలు పేరు శ్యామలాంబ, ముత్తవ్వ పేరు. ఆరేళ్ళు. ఇందాక వర్షిణి సందులోంచి పెరట్లోకి వచ్చేసరికి ఊడిన పాలపన్ను గుప్పిట్లో పట్టుకుని మెట్ల మీద తయారుగా ఉంది. "చూడనీ," అని వర్షిణి చెయ్యి చాచింది. పిల్ల రెండు మెట్లు వెనక్కి ఎక్కింది. భయపడీ కాదు, అలిగీ కాదు. బస్సు వస్తుంటే రోడ్డు పక్కకి జరుగుతాం చూడండి, అంత మామూలుగా. "ముందు స్నానం," అంది పెద్దమనిషిలాగ.

ఆ నియమం కరోనా రోజుల్లో వర్షిణి పెట్టిందే. అప్పటికి శ్యామూ నెలల పిల్ల. అత్తగారు వరహాలక్ష్మిగారిది కోనసీమ. మడి కట్టుకుంటే కన్నకొడుకునైనా గడప అవతల నిలబెట్టే మనిషి. కోడలి డాక్టరీకీ అత్తగారి మడికీ ఇన్నేళ్ళలో పొత్తు కుదిరింది ఈ ఒక్క విషయంలోనే. ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి స్నానం చేసేదాకా ఎవర్నీ ముట్టుకోకూడదు.

కరోనా పోయింది. ఆసుపత్రిలోనే బట్టలు మార్చుకుని చేతులు కడుక్కుని వస్తున్నాను, ఇంక ఈ నియమం అక్కర్లేదు అని మూడేళ్ళ కిందటే వర్షిణి ఇంట్లో అందరికీ చెప్పింది. అయినా పిల్ల దగ్గరికి రాలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి అదే అలవాటైంది పాపం, నేను చేసిన పనే కదా అనుకుంది వర్షిణి. పిల్ల ఎలాగూ రానప్పుడు స్నానం త్వరగా కానిస్తే త్వరగా ఎత్తుకోవచ్చని పెరటి దారి మానలేదు.

ఇవాళ మొగుడి తగవుతో స్నానం ఆలస్యమైంది. లోపలికి వెళ్ళేసరికి శ్యామూ బామ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుని ఉంది. పన్ను పేడముద్దలో పెట్టి ఇంటిమీదికి విసిరెయ్యటం కూడా అయిపోయిందట.

"ఇంకోటి కూడా కదులుతోందమ్మా. అది చూద్దువుగాని," అని ఓదార్చింది శ్యామూ.

భోజనాల దగ్గర మణిశంకర్ తల్లిని సాక్ష్యానికి పిలిచాడు. నువ్వైనా చెప్పమ్మా, కోడలు ఇంటిపట్టున ఉండాలని నీకు లేదా అన్నాడు. వరహాలక్ష్మిగారు మజ్జిగ పోస్తూ, మీ ఇద్దరి మధ్యలోకి నన్ను లాగకండి అని ఊరుకుంది. నెల రోజులుగా ఆవిడ ఆ ఒక్క మాట తప్ప ఇంకో మాట అనలేదు. అత్తగారు మౌనంగా ఉందంటే కోడలు ఉద్యోగం మానాలనే కోరుకుంటోందని వర్షిణి అర్థం చేసుకుంది. కొడుకూ అలాగే అర్థం చేసుకున్నాడు. ఆవిణ్ణి తిరిగి అడిగినవాళ్ళు లేరు.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి వర్షిణి డ్యూటీ ఎక్కింది. ఏ సంగతీ ఇంకా తేల్చుకోలేదు.

క్యాజువాలిటీ పెద్ద డాక్టరు ఆశీర్వాదంగారు ముప్ఫై ఏళ్ళ సర్వీసు ముగించి ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారు. ఆయన కింద ఉన్న నలుగురిలో ఒకడు మస్కట్ వెళ్ళిపోయాడు. ఇంకొకడు జుట్టు మొలిపించే వైద్యం నేర్చుకోవటానికి హైదరాబాద్ వెళ్ళాడు. అందులో రాత్రి డ్యూటీలు ఉండవు, బట్టతలకి అర్జెంటు ఉండదు. మిగిలింది వర్షిణి, నిరుడు చేరిన రాజ్ కుమార్. ఆమె కూడా వెళ్ళిపోతే రాత్రిళ్ళు చూసేది పీజీ ఎంట్రన్సుకి చదువుకునే కుర్ర డాక్టర్లే.

ఇదంతా ఆశీర్వాదంగారు ఆమెకు చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది, ఎదురు వాదించటానికి వీలుండేది. "ఉండమని నేను అడగనమ్మా. నాలుగింటికి ఏదో ఒకటి చెప్పు చాలు," అని మాత్రం అన్నారు.

వర్షిణికి ఈ చోటంటే ఇష్టం. ఆ సంగతి ఇంట్లో చెప్పుకోవటానికి ఆమెకు సిగ్గు. ఇంట్లో ఏ మాట ఎటు పోతుందో తెలీదు. ఇక్కడ తలుపులు తెరుచుకుని స్ట్రెచర్ లోపలికి వచ్చిందంటే ముందు ఏంటి, తర్వాత ఏంటి అన్నది చేతులకే తెలుసు. బయటి గోల వినపడదు. బతికించిన మనిషి పేరు కూడా ఒక్కోసారి తెలీదు. అయినా ఆ రోజంతా మనసు నిండుగా ఉంటుంది. రాజానగరంలో తలనొప్పులకి మాత్రలిస్తూ ఈ నిండుతనం కోసం ఎంత అలమటిస్తుందో ఆమెకు ముందే తెలుసు. ఇక్కడ ఉండి రెండు మెట్లు వెనక్కి ఎక్కే పిల్ల కోసం అలమటించటం సరేసరి. ఏదో ఒక బెంగ ఎంచుకోమంటున్నారు, అంతే.

రెండు దాటాక స్టాఫ్‌నర్సు ఫిన్నీ పరుగున వచ్చాడు.

"మేడమ్‌గారండి, మీ అత్తగారండి."

వరహాలక్ష్మిగారు క్యాజువాలిటీ గుమ్మంలో నిలబడి ఉంది. కాళ్ళకి చెప్పుల్లేవు. ఒంటి మీద మడిచీర, దానిమీద నెత్తురు. చంకలో ఆరేళ్ళ పిల్ల. పిల్ల గడ్డం కింద అదిమిపెట్టిన తువ్వాలు కూడా ఎర్రగా తడిసిపోయింది.

ఒంటిపూట బడులు కదా, శ్యామూ పన్నెండున్నరకే ఇంటికి వచ్చేసింది. వరహాలక్ష్మిగారు రోజుకి ఒక్కపూటే భోంచేస్తుంది. విస్తరి ముందు కూర్చున్న కాసేపటికి పెరట్లో పిల్ల కేక వినపడింది. సగంలో లేచింది. లేచిందంటే ఆవిడకి మళ్ళీ రేపే భోజనం. కొడుక్కి ఫోను చేస్తే అతను ఇంటర్ పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌లో ఉన్నాడు, ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టెలో ఉన్నాయి. దారిలో ఆటో అతను రెండు క్లినిక్‌లు చూపించాడట. వద్దు, వాళ్ళమ్మ దగ్గరికే పోనీ అందిట.

వర్షిణి రెండు చేతులూ చాచి ఎదురు వెళ్ళింది.

అప్పటిదాకా ఏడవని శ్యామూ అప్పుడు ఏడ్చింది. బామ్మ భుజం మీదుగా వెనక్కి వంగి, చేత్తో గాలిని తోస్తూ ఏడ్చింది.

"ముట్టుకోకమ్మా. నువ్వు స్నానం చెయ్యలేదు."

క్యాజువాలిటీలో అందరూ విన్నారు. హెడ్ నర్సు సంపూర్ణమ్మగారు మొహం తిప్పుకుని, అక్కర్లేకపోయినా ఆక్సిజన్ సిలిండర్ మీటరు చూసింది. "పర్లేదే, అమ్మే కదా," అంది వరహాలక్ష్మిగారు. పిల్ల వినలేదు. "వద్దు బామ్మా, నువ్వు కూడా అక్కడ నిలబడకు, వెనక్కి జరుగు," అంటూ ఆవిణ్ణి చీర పట్టుకుని లాగింది.

వర్షిణి చేతులు దించేసింది.

సొంతవాళ్ళకి సొంత చేతులతో కుట్లు వెయ్యకపోవటం డాక్టర్ల పద్ధతే. ఆ పద్ధతి ఇవాళ ఆమె పరువు కాపాడింది. రాజ్ కుమార్ పిల్లని మంచం మీద కూర్చోబెట్టి గాయం కడుగుతూ, ఎలా పడ్డావమ్మా అని అడిగాడు. కొత్తవాళ్ళు అడిగితే పిల్లలు ఇట్టే చెప్పేస్తారు.

"అమ్మకి బకెట్ నింపుతున్నాను. పాచి ఉంది, కాలు జారింది."

"మధ్యాన్నమే ఎందుకు?"

"నీళ్ళు రెడీగా ఉంటే అమ్మ రాగానే స్నానం చేసేస్తుంది కదండీ. అప్పుడు గబగబా ఎత్తుకుంటుంది."

మంచం చుట్టూ ఉన్న ఆకుపచ్చ తెర అవతల నిలబడి వర్షిణి ఇదంతా వింది. తనే కాదు, పిల్ల కూడా తన కోసం తొందరపడుతోందని ఆమెకు ఇన్నాళ్ళూ తోచలేదు. తెర లోపలికి ఒక అడుగు వేసింది.

బయట 108 అంబులెన్సు వచ్చి ఆగింది.

రొయ్యల చెరువు దగ్గర గాలి చక్రాలు తిప్పే మోటారు బాగుచేస్తూ కరెంటు కొట్టిన మనిషి. మోరంపూడి జంక్షన్ దాకా మాట్లాడాడు, తర్వాత గుండె ఆగిందని అంబులెన్సు కుర్రాడు చెప్పాడు. వెనకే భార్య దిగింది, మోకాళ్ళ దాకా చెరువు మట్టితో. ఎవరో ఒక డాక్టరు కావాలి. రాజ్ కుమార్ చేతిలో శ్యామూ గడ్డం ఉంది.

వేసిన అడుగు వర్షిణి వెనక్కి తీసుకుంది.

పదకొండు నిమిషాలు పట్టింది. ఆమె బల్ల ఎక్కి మోకాళ్ళ మీద కూర్చుని అతని గుండెమీద రెండు చేతులతో నొక్కింది. అలిసిపోతే ఫిన్నీ నొక్కాడు. కరెంటుతో ఆగిన గుండెకి రెండుసార్లు మళ్ళీ కరెంటే పెట్టింది. రెండోసారికి మానిటర్ మీద గీత లయలో పడింది. అతను దగ్గాడు, ఆమె చేతిమీదే కక్కుకున్నాడు. భార్య వర్షిణి మోచెయ్యి పట్టుకుని నుదురు ఆనించి ఏడ్చింది. వర్షిణి ఆవిడ వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. మట్టి, చెమట, కక్కు, ఏదీ చూసుకోలేదు.

చేతులు కడుక్కుని తిరిగొచ్చేసరికి శ్యామూ గడ్డానికి కట్టు ఉంది. నాలుగు కుట్లు. తెర జానెడు పక్కకి జరిగి ఉంది. ఆ సందులోంచి పిల్ల అంతా చూసింది.

"అమ్మా," అంది శ్యామూ. గడ్డం కదలకుండా మాట్లాడాలి కాబట్టి మాట ముద్దగా వచ్చింది. "వాళ్ళని ముట్టుకోవటానికి స్నానం అక్కర్లేదా?"

ఆరేళ్ళ పిల్ల కదా, తెలుసుకుందామనే అడిగింది. నిష్ఠూరం ఏమీ లేదందులో. వర్షిణి నోరు తెరిచింది. సూక్ష్మక్రిముల సంగతి చెప్పాలో, గ్లవుజుల సంగతి చెప్పాలో తెలీలేదు. "నొప్పిగా ఉందా?" అంది చివరికి. పిల్ల లేదని చెయ్యి ఊపింది.

వర్షిణి నర్సుల బల్ల దగ్గరికి వెళ్ళి, ఆసుపత్రి పేరున్న కాగితం ఒకటి లాక్కుని, నిలబడే నాలుగు వాక్యాలు రాసింది. మడత పెట్టకుండా పట్టుకెళ్ళి ఆశీర్వాదంగారి ముందు పెట్టింది. గోడగడియారంలో ఇంకా మూడూ ఇరవై.

ఆయన చదివారు. కళ్ళజోడు తీశారు.

"పాపకి ఎన్ని కుట్లు?"

"నాలుగండి."

"నువ్వు లోపలే ఉన్నావా?"

"లేదండి. చెరువు పేషెంట్ దగ్గర ఉన్నాను."

ఆయన తలూపారు. ఆ కాగితాన్ని గాజు పేపర్‌వెయిట్ కింద పెట్టారు. కాసేపటికి తన పిల్లల మాట ఎత్తారు. వాళ్ళు పెద్దవాళ్ళై పెళ్ళిళ్ళయ్యాక ఆయనే ఒకసారి అడిగారట, నేను ఇంట్లో లేకపోవటం మీకు బాగా గుర్తుందా అని.

"లేదు డాడీ, నువ్వు ఇంట్లో ఉన్న రోజులే గుర్తున్నాయి, అన్నారమ్మా. వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పారు, ఫలానా రోజు, ఫలానా రోజు అని. దానికి సంతోషించాలో ఏడవాలో నాకు ఈరోజుకీ తెలీదు. నీకు ఏ సలహా చెప్పమంటావు?"

"ఏం చెప్పకండి సర్," అంది వర్షిణి. ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి. ఏడేళ్ళలో ఆ గదిలో ఆమె కంటతడి పెట్టటం అదే మొదటిసారి.

బయటికి వచ్చేసరికి వరండాలో బల్ల మీద అత్తగారు ఒక్కతే కూర్చుని ఉంది. లోపల పిల్ల దగ్గర సంపూర్ణమ్మగారు ఉంది. వర్షిణి అత్తగారి పక్కన, ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి, కూర్చుంది.

"మానేశానండి అత్తయ్యగారూ. రాసి ఇచ్చేశాను. వచ్చే నెల నుంచి సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాను. శ్యామూ నా దగ్గర పడుకుంటుంది."

ఆవిడ మొహంలో నిశ్చింత కనపడుతుందనుకుంది వర్షిణి. అది కనపడలేదు. వరహాలక్ష్మిగారు కొంగు మీద ఎండిన నెత్తురు మరకని గోటితో గీకుతూ చాలాసేపు కూర్చుంది.

"అది నీ దగ్గరికి ఎందుకు రాదో తెలుసా అమ్మాయ్?"

"నేనే అలవాటు చేశాను కదండీ. కరోనాలో."

"కరోనాలో నువ్వు చేశావు. తర్వాత నేను చేశాను."

వర్షిణికి అర్థం కాలేదు.

ఆవిడ తల ఎత్తకుండానే చెప్పుకుపోయింది. మూడేళ్ళ కిందట ఇంక నియమం అక్కర్లేదని కోడలు చెప్పిన వారంలో శ్యామూ రెండుసార్లు తల్లి మీదికి ఎగబడిందట. ఆ రెండు రాత్రులూ పిల్ల బామ్మ మంచం మీదికి రాలేదట. మామగారు పోయాక ఆ మంచం మీద ఇంకో మనిషి ఊపిరి వినపడేది శ్యామూ వల్లనే. రెండో రాత్రి తెల్లారేదాకా నిద్ర పట్టలేదట.

"అందుకని చెప్పాను దానికి. ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ళని ముట్టుకుంటే నీకేం కాదే, నాకు అవుతుంది అని. తాతగారు వెళ్ళిపోయినట్టు బామ్మ కూడా వెళ్ళిపోతుంది అని. అప్పటినుంచి అది నిన్ను చూసి వెనక్కి జరుగుతుంది. నువ్వంటే భయపడి కాదమ్మాయ్. నన్ను కాపాడుతోంది."

వరండాలో ఎవరో స్ట్రెచర్ తోసుకుంటూ వెళ్ళారు. చక్రం ఒకటి కిర్రుమంటోంది.

"నువ్వు మానేస్తావేమో అని నెల రోజులుగా నాకు గుండెల్లో దడ," అంది వరహాలక్ష్మిగారు. "మానకు. నా పాపానికి నువ్వెందుకు మానాలి? కావాలంటే నన్నేమైనా అను. పిల్లని మాత్రం నా దగ్గర్నుంచి తియ్యకు."

వర్షిణికి కోపం వచ్చింది. అలాంటి కోపం తనలో ఉందని ఆమెకే తెలీదు. మూడేళ్ళ సాయంత్రాలు. రోజూ ఆ రెండు మెట్లు. ఎదురుగా ఉన్నది సగం విస్తట్లో లేచి వచ్చిన, రేపటిదాకా మెతుకు ముట్టని అరవై ఆరేళ్ళ మనిషి.

"నాకు కాదు. దానికి చెప్పండి," అంది. "ఇప్పుడే చెప్పండి. మీ నోటితోనే."

వరహాలక్ష్మిగారు గోడ పట్టుకుని లేచింది. తెర తొలగించుకుని లోపలికి వెళ్ళింది.

అదే సమయానికి సంపూర్ణమ్మగారు బయటికి వచ్చింది. ఆవిడ చేతిలో కాగితం ఉంది.

"మేడమ్‌గారండి, ఆశీర్వాదం సార్‌గారు ఇమ్మన్నారండి. తేదీ, టైమూ వెయ్యలేదంటండి మీరు. వేసి పంపితే పైకి పంపిస్తానన్నారు. లేకపోతే లేదన్నారు."

వర్షిణి కాగితం చూసుకుంది. నిజమే. క్యాజువాలిటీలో ఏది రాసినా, రెండు మాత్రలు రాసినా సరే, పక్కన తేదీ, టైము, సంతకం ఉండాలి. రేపు పోలీసు కేసైతే ముందు అడిగేది అదే. నిద్రలో లేపి రాయించినా ఆమె చెయ్యి ముందు టైము వేస్తుందని ఫిన్నీ వేళాకోళం చేస్తుంటాడు. ఏడేళ్ళలో మొదటిసారి మర్చిపోయింది, ఈ కాగితం మీద. ఆశీర్వాదంగారు అది మామూలు పొరపాటు కాదనుకున్నారు కాబోలు, లేకపోతే తేదీ తనే వేసేసుకునేవారు.

సంపూర్ణమ్మగారు పెన్ను కూడా ఇచ్చింది. వర్షిణి క్యాప్ తీసి, కాగితం గోడకి ఆనించి పట్టుకుంది.

తెర లోపలి నుంచి మాటలు వినపడుతున్నాయి.

"శ్యామూ, ఇలా చూడు. నేను నీకొక అబద్ధం చెప్పానమ్మా. అమ్మని ముట్టుకుంటే బామ్మకి ఏం కాదు. స్నానం చెయ్యకపోయినా ఏం కాదు."

పిల్ల మంచం మీద సర్దుకుని కూర్చున్న చప్పుడైంది. ఆలోచిస్తోంది కాబోలు.

"మరి తాతగారికి ఎందుకయ్యింది?"

వర్షిణి చేతిలో పెన్ను ఆగిపోయింది.

ఐదేళ్ళ కిందట, రెండో కరోనాలో, ఆ ఇంట్లో గడప దాటి బయటికి వెళ్ళి వచ్చిన మనిషి వర్షిణి ఒక్కతే. మామగారు ఈ ఆసుపత్రిలోనే, ఈ వరండా చివరి గదిలోనే పోయారు. ఎవరి వల్ల వచ్చిందన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మణిశంకర్ ఎత్తలేదు. వరహాలక్ష్మిగారు ఒక్కనాడూ ఎత్తలేదు. అంచేత ఆవిడ మనసులో ఏముందో వర్షిణికి తెలీదు. అడిగే ధైర్యమూ లేదు.

"చెప్పు బామ్మా," అంది శ్యామూ.

తెర ఇవతల వర్షిణి కాగితాన్ని గోడకి అలాగే ఆనించి పట్టుకుని ఆ జవాబు కోసం నిలబడింది, ఐదేళ్ళుగా నిలబడినట్టే.